అడ్మిషన్ ఫారం మీద మీ ఆయన సంతకం ఉందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా ఆయన పన్నెండేళ్లుగా తాగుతున్నారు. నెట్‌లో ప్రకటన చూసి ఒక డీ-అడిక్షన్ సెంటర్‌కి ఫోన్ చేశాను. 2024 ఆగస్టు 11 రాత్రి నలుగురు కారులో వచ్చి, నిద్రలో ఉన్న మనిషిని కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తుకెళ్లారు. మూడు నెలలకు 90 వేలు అన్నారు. ఆ రోజే 45 వేలు ఫోన్‌పేలో వేశాను, మిగతా 45 వేలు చేతికిచ్చాం, రసీదు లేదు. నలభయ్యో రోజున మా మరిది వెళ్లి చూస్తే గుండు కొట్టించి ఉన్నారు, ఊపిరి తీసుకుంటే నొప్పి అంటున్నారు. సెప్టెంబరు 20న గొడవపడి ఇంటికి తెచ్చుకున్నాం. మర్నాడు ఎక్స్‌రే తీస్తే రెండు పక్కటెముకలు విరిగాయన్నారు. డబ్బు అడిగితే, 25 వేలు ఇస్తాం, మీరిద్దరూ వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టండి అంటున్నారు. ఆయన మళ్లీ తాగుతున్నారు, నా మీదే కేసు పెడతానంటున్నారు. మా తమ్ముడు ఇంకో సెంటర్ చూశాడు, వాళ్లూ రాత్రిపూట వచ్చి తీసుకెళ్తారట. డబ్బు ఎలా వస్తుంది? దగ్గర్లో మంచి సెంటర్ ఏది? నాకు జైలు పడుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మీ అత్తగారి మాటలు, తాకట్టు పెట్టిన గాజులు, పిల్లాడి ఫీజు. అవన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ వాటి మీద కేసు నిలబడదు. నాకు పనికొచ్చింది మూడో పేజీ అడుగున మీరు ఒకసారి కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం: ‘సంక్రాంతికి ముందు తనే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్దాం అన్నారు, నేను నమ్మలేదు.’ ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఒక్క సంగతి చెప్పండి. ఆ రాత్రి కారు బానెట్ మీద పెట్టి మీ చేత సంతకం చేయించుకున్న కాగితంలో ఏముంది? చదవలేదని మీరే రాశారు. ఇల్లు అద్దెకివ్వాలంటే ఆధార్ జిరాక్స్ అడుగుతాం, బండి అరువిస్తే కిలోమీటర్లు చూసుకుంటాం. మనిషిని అప్పగించేటప్పుడు కాగితం చదవకపోవడం, కనీసం ఫోన్‌లో ఫొటో అయినా తీసుకోకపోవడం ఏమిటి? ఈ కేసు మొత్తం ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకో చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యమే. కాబట్టి తాగుడు మాన్పిస్తామని మనుషుల్ని ఉంచుకునే ఏ సెంటరైనా ఆ చట్టం కిందికి వస్తుంది. 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు కావాలి. పెద్దవాళ్లను మామూలుగా చేర్చుకోవడానికి చట్టంలో రెండే దారులు. ఒకటి 86వ సెక్షన్: రోగి తనే వచ్చి, తనే సంతకం పెట్టి చేరడం. అలా చేరినవాడు వెళ్లిపోతానంటే పంపించాలి. డాక్టరుకు గట్టి కారణం ఉంటే పరీక్ష కోసం 24 గంటలు ఆపొచ్చు, అంతే. రెండోది 89వ సెక్షన్: సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో, తనకో ఇతరులకో ప్రమాదంగా ఉన్న మనిషిని ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకోవడం. ఇంకెవర్నీ రాసివ్వకపోతే భార్యగా ఆ ప్రతినిధి మీరు కావచ్చు. కానీ మీ సంతకం ఒక్కటే చాలదు. ఒక సైకియాట్రిస్టు, ఇంకో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో, ఇద్దరూ విడివిడిగా చేరిన రోజునో అంతకు ముందు ఏడు రోజుల్లోనో చూసి రాయాలి. ఏడు రోజుల్లోగా రివ్యూ బోర్డుకు, అంటే రోగుల హక్కులు కాపాడటానికి ఆ చట్టం కింద పెట్టిన బోర్డుకు తెలపాలి. అది కూడా 30 రోజుల వరకే. ఆపైన ఉంచాలంటే 90వ సెక్షన్ కింద మళ్లీ ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, బోర్డు అనుమతి కావాలి.

ఇప్పుడు మీ ఆయన సంగతి చూడండి. ఆయన సంతకం పెట్టలేదు. కారెక్కే ముందు ఏ డాక్టరూ చూడలేదు. ఉంచింది 40 రోజులు. సెంటర్ వాళ్లు మొదటి దారి అంటే ఆయన సంతకం చూపించాలి, రెండో దారి అంటే ఇద్దరు డాక్టర్ల రాతలు, బోర్డుకు పంపిన కాగితం చూపించాలి. ఏదీ లేకపోతే అది వైద్యం కాదు, నిర్బంధం. పది రోజులు దాటిన అక్రమ నిర్బంధానికి భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. బలవంతంగా గుండు కొట్టించడాన్నీ 2017 చట్టం నిషేధించింది. ఇదంతా వాళ్లకు తెలుసు. తెలుసు కాబట్టే 25 వేలు ఇస్తామంటున్నారు.

ఆ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. మీరూ వద్దు, ఆయనా వద్దు. చేర్చుకున్న రోజు ఆయన సంతకం అక్కర్లేని వాళ్లకు ఇప్పుడెందుకు కావలసి వచ్చింది? 25 వేలకు వాళ్లు కొనుక్కుంటున్నది ఆ సంతకాన్నే. ‘ఇష్టపూర్వకంగా చేరాను, వైద్యంతో తృప్తి చెందాను, పూర్తిగా సెటిల్ అయింది’ అని మూడు వాక్యాలు రాసుంటాయి. అలాంటివి నేను చాలా చూశాను. మొదటి వాక్యం నిర్బంధం కేసును తినేస్తుంది, మూడోది డబ్బు కోసం మీరు వేయాల్సిన వినియోగదారుల కేసును. ఆ 25 వేలు పిల్లాడి ఫీజుకు పనికొస్తాయని మీకు అనిపించడం నాకు అర్థమవుతుంది. అయినా వద్దు.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఈ కేసులో అసలు బాధితులు మీరు కాదు, మీ ఆయన. డబ్బు కట్టింది మీరు కాబట్టి మీరూ వినియోగదారే. కానీ దెబ్బలు, నిర్బంధం ఆయనవి. 2017 చట్టం 25వ సెక్షన్ కింద మెడికల్ రికార్డులు అడిగే హక్కూ ఆయనదే. ఆయన కలిసిరాకపోతే మీ చేతిలో మిగిలేది 45 వేల ఫోన్‌పే చెల్లింపు ఒక్కటే.

ఇక సాక్ష్యం. ఎక్స్‌రే ఫొటో పంపారు, మంచిపని చేశారు. ఫిల్మ్ అడుగున ఎడమ మూలన తెల్ల అక్షరాల్లో ఆయన పేరు, వయసు 41, తేదీ 21-09-2024 కనిపిస్తున్నాయి. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. మామూలు గాయానికి ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, అది మీకు దాటిపోయింది. తీవ్ర గాయానికి ఆ గడువు అడ్డం రాదు. అంటే ఆ ఫిల్మ్ ఉంటే ఒక కేసు, లేకపోతే ఇంకో కేసు. అలాంటిదాన్ని వంటింటి అటక మీద పెట్టానని రాశారు. పొయ్యి సెగకు ఫిల్మ్‌లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఈ రోజే దించి, మధ్యలో తెల్లకాగితం పెట్టి బీరువాలో పెట్టండి.

దానికన్నా పెద్ద తప్పు ఓపీ చీటీలో ఉంది. పరువు పోతుందని డాక్టరుతో ‘బండి మీద నుంచి పడ్డాడు’ అని చెప్పారట. ఆ డాక్టరు అదే రాశాడు. రేపు సెంటర్ లాయరు ఆ చీటీ ఒక్కటి పట్టుకుని, బయటికొచ్చాక తాగి పడ్డాడు, మాకేం సంబంధం అంటాడు. మీ మాటే మీకు ఎదురు తిరుగుతుంది. దీన్ని పూర్తిగా చెరపలేం, బలహీనపరచగలం. సెప్టెంబరు 20న తీసుకొచ్చినప్పుడు ఆటోలో ఎవరున్నారు, డ్రైవరు ఎవరు, ఆ రోజు మీ మరిది ఫోన్‌లో తీసిన ఫొటోలు, గుండు కనిపించేవి, అన్నీ తీయండి. ఎందుకలా అబద్ధం చెప్పాల్సి వచ్చిందో మీరిద్దరూ విడివిడిగా అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయనతో పాటు అక్కడ ఉన్నవాళ్లలో ఒక్కరు ముందుకొచ్చినా చీటీ బలం తగ్గుతుంది. ఆయనకు ఎవరి నంబరైనా గుర్తుందేమో అడగండి.

వాట్సాప్ చాట్ పాత ఫోన్‌లో ఉండిపోయిందని, ఆ ఫోన్ పిల్లాడు గేమ్స్ ఆడుకుంటున్నాడని రాశారు. తీసేసుకోండి. అందులో సెంటర్ వాళ్ల వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. రీసెట్ చేశారంటే అయిపోయినట్టే. కోర్టులో పెట్టేటప్పుడు, ఫోన్‌లాంటి వాటిలోని సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు. ఫోన్‌పే చెల్లింపుకు బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. ఒక మనిషి పేరు మీద వేశారు కాబట్టి ఆ మనిషికీ సెంటర్‌కీ ఉన్న సంబంధం చాట్‌లోనే తేలాలి. చేతికిచ్చిన 45 వేలకు మీ తమ్ముడి సాక్ష్యం తప్ప ఏమీ లేదు.

గడువు సంగతి జాగ్రత్త. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు. సెప్టెంబరు 20 నుంచి లెక్కేసుకోవచ్చని వాదించొచ్చు, కానీ మొదటి చెల్లింపు ఆగస్టు 11న జరిగింది. కాబట్టి మీ క్యాలెండర్‌లో 2026 ఆగస్టు 10 అని రాసుకోండి. ఆ తేదీ దాటనివ్వకండి. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. వాళ్లు ‘చూద్దాం మేడమ్, వచ్చే నెల’ అన్నా పెరగదు. ఏడాదిన్నర నుంచి వాళ్లు మీతో అంటున్నది అదే కదా. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, సెంటర్ ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఈలోపు ఆయన సంతకంతో సెంటర్‌కి రెండు లైన్ల ఉత్తరం పంపండి: నా అడ్మిషన్ ఫారం, చికిత్స రికార్డుల నకళ్లు ఇవ్వండి అని. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు రుజువు తీసి పెట్టుకోండి. ఇవ్వకపోతే ఆ మౌనమే మీకు సాక్ష్యం. పది రూపాయల ఫీజుతో రాష్ట్ర ప్రాధికార సంస్థకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. లేదని జవాబొస్తే మీ కేసు సగం గెలిచినట్టే. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపినందుకు మొదటిసారి జరిమానా అయిదు వేల నుంచి యాభై వేల దాకా. వాళ్లు మీ ఒక్కరి దగ్గరే 90 వేలు తీసుకున్నారు, ఇక ఈ జరిమానాకు వాళ్లు భయపడతారా?

మీ తమ్ముడు చూసిన రెండో సెంటర్ గురించి ఒక్క మాటే. వద్దు. మొదటిసారి మీరు తెలియక, మంచికని చేశారని నేను కోర్టులో వాదించగలను. మీకు జైలు పడుతుందా అని అడిగారు కదా, మొదటిసారికి నాకంత భయం లేదు. అంతా తెలిశాక రెండోసారి కూడా రాత్రిపూట నలుగుర్ని పిలిపిస్తే ఆ వాదన నా దగ్గర ఉండదు. నిజంగా ప్రమాదం ముంచుకొస్తే, ఆయన తనను తానో మిమ్మల్నో గాయపరిచే పరిస్థితి వస్తే, 2017 చట్టంలోనే పోలీసులకు 100వ సెక్షన్ ఉంది. వాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇంట్లో పెట్టి తాళం వేయడమూ వద్దు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు ఆ కొట్టేసి రాసిన వాక్యం దగ్గరికి వద్దాం. తనే పెద్దాసుపత్రికి వెళ్దాం అన్న మనిషికి సెంటర్ ఎందుకమ్మా? అది అచ్చంగా 86వ సెక్షనే. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్తే డాక్టరు చూసి, అవసరమైతే కొన్ని రోజులు ఉంచుకుని, వణుకూ ఫిట్సూ రాకుండా మాత్రలిచ్చి తాగుడు ఆపిస్తారు. ఆ తర్వాత నెలల తరబడి ఓపీకి వెళ్తూ ఉండాలి. జారిపడితే మళ్లీ వెళ్లాలి. మూడు నెలల్లో గ్యారంటీ అని చెప్పే డాక్టరు ఉండడు, అలా చెప్పేది ప్రకటనలే. మీకు దగ్గర్లో ఏముందో తెలియాలంటే కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సాయంతో నడిచే పునరావాస కేంద్రాల వివరాలు అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు సాయపడే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు ఫీజు ఉండదు. మీలాంటి ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ వేరేగా ఉంది. ప్రైవేటు సెంటర్‌కే వెళ్లాల్సివస్తే గుమ్మంలో రెండు చూడండి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపిస్తారా, గోడ మీద రివ్యూ బోర్డు చిరునామా, ఫోన్ నంబరు రాసి ఉన్నాయా. రెండోది అదే 2017 చట్టం 72వ సెక్షన్ ప్రకారం ఉండి తీరాలి. లేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

ఆయన మీ మీద కేసు పెడతానంటున్నది మళ్లీ ఎత్తుకెళ్తారన్న భయంతో. పొద్దున్నే, తాగకముందు కూర్చోబెట్టి, ఆయన చేతే ఒక తెల్లకాగితం మీద రాయించండి: నన్ను బలవంతంగా ఎక్కడికీ పంపొద్దు, నా తరఫున ఫలానావారు ప్రతినిధి అని. మీ పేరే రాయమని పట్టుబట్టకండి, వాళ్ల తమ్ముడి పేరు రాసినా సరే. ప్రతినిధి పేరు అలా రాసి సంతకం పెడితే చట్టంలో దానికి విలువ ఉంది. ఆ కాగితం ఇచ్చాక ఆయన మీతో ఓపీకి వస్తారని నా అంచనా. కమిషన్ ఫిర్యాదు మీద సంతకమూ అప్పుడే అడగండి.

ఓపీకి ఆధార్, వాడుతున్న మాత్రల చీటీలు తీసుకెళ్లండి. డాక్టరు అడిగితే పక్కటెముకలు ఎలా విరిగాయో ఈసారి నిజం చెప్పండి, రాయించండి. ఎక్స్‌రే చూపించి ఫిల్మ్ మాత్రం వెనక్కి తెచ్చుకోండి.