ఇటలీకి కొత్తగా వచ్చారా? ముందు నాలుగు ముక్కలు నోటికి రానివ్వండి

"అన్నా, మాస్టర్స్ అంతా ఇంగ్లీషులోనే కదా, ఇటాలియన్ దేనికి?" మిలానోకి, తొరీనోకి వచ్చే మన పిల్లలు తరచూ అడిగే మాట ఇది. క్లాసులో నిజంగానే అక్కర్లేదు. కానీ ఇంటి ఓనరు, డాక్టరు, క్వెస్తూరా (విదేశీయుల పర్మిట్లు చూసే పోలీసు ఆఫీసు) కౌంటర్లో కూర్చున్నాయన ఇంగ్లీషు మాట్లాడతారన్న నమ్మకం లేదు. దిగిన ఎనిమిది పనిదినాల్లోపు పెర్మెస్సో ది సొజ్జోర్నో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్‌కి, పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలి కాబట్టి అవసరం మొదటి వారంలోనే పడుతుంది.

ధైర్యం చెప్పే సంగతేంటంటే, ఈ భాష పలకడానికి మన నోరు సగం సిద్ధంగానే ఉంది. వాళ్ల 't', 'd' మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. అమ్మ, అక్క అన్నప్పుడు ఒత్తినట్టే వాళ్ల జంట అక్షరాలనూ ఒత్తి పలకాలి. నోట్సు తెలుగు లిపిలో రాసుకుంటే ఉచ్చారణ చాలావరకు సరిగ్గా కుదురుతుంది.

వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు. ముందు వాక్యాలు పట్టండి. మార్కెట్లో 'ఉన్ ఎత్తో' అంటే వంద గ్రాములు, 'మెద్జో కీలో' అంటే అరకిలో, చాలనడానికి 'బస్తా కొసీ'. డాక్టరు దగ్గర వరుస కనిపించకపోతే 'కి ఎ లుల్తిమో?' అని చివరివాళ్లెవరో అడిగి వాళ్ల తర్వాత కూర్చోండి. అర్థం కాకపోతే 'నోన్ ఓ కపీతో, పియు పియానో పెర్ ఫవోరె' అంటే నెమ్మదిగా చెబుతారు. ముక్క తిననివాళ్లు 'సెన్‌త్సా కార్నె, సెన్‌త్సా పేషె' (మాంసం, చేప లేకుండా) అని ఊరుకోకుండా రిజోత్తో అనే అన్నం వంటకంలో 'బ్రోదో' దేనిదో కూడా అడగండి, అది మాంసం ఉడికించిన నీళ్లు కావచ్చు.

మనవాళ్లు బాగా ఇబ్బంది పడేది ఫోన్లో పేరు చెప్పేటప్పుడు. ఇక్కడ అక్షరాలను ఊళ్ల పేర్లతో చెబుతారు, 'కోమె' అంటే 'లాగా'. వెంకట అని చెప్పాలంటే: వు కోమె వెనేత్సియా, ఎ కోమె ఎంపోలి, ఎన్నె కోమె నాపోలి, కప్పా (అంటే 'k'), ఆ కోమె అంకోనా, తి కోమె తొరీనో, మళ్లీ ఆ కోమె అంకోనా. మన పేర్లలో తరచూ వచ్చే 'h' అక్షరం 'అక్కా', 'y' 'ఇప్సిలోన్'. ఇంటిపేరుతో సహా మీ పేరంతా ఇలా ఒక కాగితం మీద రాసుకుని బట్టీ పట్టండి. కోడిచె ఫిస్కాలె (పన్ను గుర్తింపు నంబరు) దగ్గర్నుంచి గ్యాస్ కనెక్షన్ దాకా అన్నిటికీ పనికొస్తుంది.

మనకు మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్లకు 'లేయ్', 'తు' ఉన్నాయి. పెద్దవాళ్లను, ఆఫీసువాళ్లను 'లేయ్' అనే పిలవండి. 'చావ్' స్నేహితులకే, మిగతావాళ్లకు 'బువోన్‌జోర్నో'.

క్లాసులకు డబ్బు పోయనక్కర్లేదు. సీపీఐఏ అనే ప్రభుత్వ వయోజన కేంద్రాల్లో ఫీజు ఉండదు, ఉన్నా నామమాత్రమే. అయిదేళ్లు చట్టబద్ధంగా ఉన్నాక వచ్చే దీర్ఘకాల పర్మిట్‌కి ఇటాలియన్‌లో ఏ2 (ప్రాథమిక) స్థాయి చూపాలి. పౌరసత్వానికైతే 2018 డిసెంబరు నుంచి దానికి పై మెట్టయిన బీ1 కావాలి. భార్యను తీసుకొచ్చిన తమ్ముళ్లకు ఒక్క మాట: ఆమె పేరు కూడా మీతోపాటే ఈ క్లాసుల్లో రాయించండి. పిల్లల బడిలో టీచరుతో, మందుల షాపులో తనంతట తను మాట్లాడుకోగలిగితే ఇక్కడి చలికాలం ఆమెకు ఒంటరిగా గడవదు.