వేడెక్కాక గొంతు పడిపోయే వాల్వ్ రేడియో

అన్నా, మీ నాన్నగారి వాల్వ్ రేడియో ఇరవై నిమిషాలు బాగానే పాడి, తర్వాత గొంతు సగానికి పడిపోతోందని, గదిలో లైటు స్విచ్ వేస్తే టక్కున మళ్లీ వస్తోందని రాశారు. ఆ లైటు సంగతే అసలు ఆనవాలు. స్విచ్ వేసినప్పుడు పుట్టే కరెంటు కుదుపు, తెగీ తెగని కాంటాక్టును కాసేపు అతికిస్తుంది. కాబట్టి వాల్వుల మీద డబ్బు పెట్టకండి. హన్మకొండలో మా సెట్టుకు ఇదే రోగం వస్తే నేను రెండు వాల్వులు కొని దండగ చేసుకున్నా. చివరికి దొరికిన దొంగ 0.01 మైక్రోఫారడ్ కాగితం కెపాసిటర్. వెదురు పుల్లతో తట్టగానే గరగరమంది. లోపల తీగ వదులైంది.

వెనక గ్రామఫోన్ సాకెట్లు ఉంటే ఫోన్ పాట అందులోకి పంపండి. అదీ తగ్గితే తప్పు ఆడియో భాగంలో ఉన్నట్టు. తగ్గకపోతే ఐఎఫ్ (ఆడియోకు ముందు స్టేషన్ సిగ్నల్‌ను పెంచే భాగం) వైపు, బ్యాండ్ స్విచ్ చూడాలి. కానీ జర జాగ్రత్త! ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్టైతే ఛాసిస్‌లోనే, అంటే లోపలి ఇనుప చట్రంలోనే, 230 వోల్టులు ఉండొచ్చు, దానికి ఫోన్ కలపొద్దు.

కెపాసిటర్ మార్చేటప్పుడు అదే విలువలో 630 వోల్టుల ఫిల్మ్ రకం వేయండి. ప్లగ్ తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో (పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు) 250 వోల్టులు, అంతకు పైన కూడా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో దాన్ని దించి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. సెట్టు ఏ మోడలో, వెనక సాకెట్లు ఉన్నాయో లేదో చెప్పండి.