ఊరికి వాపస్ పోతున్నం, పాపని ఏ బడిలో వెయ్యాలి?

ప్రశ్న: మేడం నమస్తే. మేం బోరబండలో ఉంటం, సిటీకొచ్చి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ఆయనకి ఇక్కడ పని సరిగ్గ దొరకట్లేదు, అత్తమ్మకి కూడా ఒంట్లో బాగుండట్లేదు, అందుకే ఈ ఎండాకాలం వికారాబాద్ జిల్లాలో మా ఊరికే పోతున్నం. పాప ఇక్కడ ప్రైవేట్‌లో ఇంగ్లీష్ మీడియం ఏడో తరగతి అయిపోయింది. అక్కడ మాకు అందుబాటులో నాలుగు సర్కారు బడులున్నయి: మా ఊరి జడ్పీ హైస్కూల్, మండల సెంటర్‌లో పెద్ద జడ్పీ హైస్కూల్, మోడల్ స్కూల్, ఆడపిల్లల హాస్టల్ బడి కస్తూర్బా. మా మరిది టెన్త్ రిజల్ట్ చూసి వేసెయ్ వదినా అంటడు, పోయినేడు మా ఊరి బడికి 100 శాతం వచ్చిందట, పెద్ద బడికి 88 అట. నాకు మనసొప్పుతలేదు. ఎట్ల చూసుకోవాలి?
(ఒక అమ్మ, బోరబండ)

జవాబు: చెల్లీ, నీ మనసే కరెక్టు. 100 శాతం అన్నప్పుడు ముందు అడగాల్సింది ఎంతమంది రాశారని. తొమ్మిది మంది రాసి తొమ్మిది మందీ పాసైనా 100 శాతమే, 35 మార్కులతో గట్టెక్కినా పాసే. ఇంకోటి, ఆ బ్యాచ్ ఆరో తరగతిలో ఎంతమంది ఉండె, టెన్త్‌కి వచ్చేసరికి ఎంతమంది మిగిలారు, పోయినోళ్లు ఎటు పోయారు అనేది అడుగు. నేను పనిచేసిన ఒక బడిలో ఏడాది పొడుగునా ఫిజికల్ సైన్స్ సార్ లేడు, అయినా రిజల్ట్ 100 వచ్చింది, బోర్డు మీద పెద్దగా రాయించారు కూడా. ఆ పిల్లల్లో ఎంపీసీ తీసుకున్నోళ్లు ఇంటర్ ఫస్టియర్‌లో ఎంత ఏడ్చారో నాకింకా గుర్తుంది.

కాబట్టి నేనైతే టీచర్లని లెక్కపెడతా. తెలుగు, హిందీ, ఇంగ్లీష్, మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్ ఈ ఏడింటికీ మనిషి ఉన్నాడా, ఉంటే రోజూ వస్తున్నాడా లేక డెప్యుటేషన్ మీద ఇంకో బడికి పోయాడా? చిన్న బడుల్లో దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే, మ్యాథ్స్ సార్ ఒక్కడు పోతే ఇంక చెప్పేవాళ్లే ఉండరు. అట్లాగని పాత పేరు పట్టుకుని కూడా కూర్చోకు, 2024 డీఎస్సీలో టీచర్లుగా సెలెక్ట్ అయిన పదివేల మందికి ఆ అక్టోబర్‌లో నియామక పత్రాలిచ్చారు, అంతకుముందే ట్రాన్స్‌ఫర్లూ అయినయి, మూడేళ్ల కింద ఎవరూ లేని బడిలో ఇప్పుడు మంచి స్టాఫ్ ఉండొచ్చు. బడుల లెక్కలన్నీ పెట్టే సర్కారు సైటు యూడైస్ ప్లస్‌లో బడి పేరు కొడితే పిల్లలెంతమంది, టీచర్లెంతమంది అన్నది కనిపిస్తుంది, అది చూసుకుని అప్పుడు బడికి పో.

మోడల్ స్కూల్ మంచిదే. 2013లో మొదలైనయి, రాష్ట్రంలో 194 ఉన్నయి, ఆరు నుంచి ఇంటర్ దాకా ఒక్క చోటే, ఇంగ్లీష్ మీడియం. కానీ సీటు ఎంట్రన్స్ రాస్తేనే, అది కూడా ఆరో తరగతికే ఫుల్లు సీట్లు, ఎనిమిదికి ఖాళీలుంటేనే. నోటిఫికేషన్ ఎండాకాలం కంటే ముందే పడుతుంది, అయినా ప్రిన్సిపాల్‌ని కలిసి అడిగితే పోయేదేం లేదు. చాలాచోట్ల ఊరి బయట కట్టారు, బస్సు దిగాక ఎంత నడవాలో చూసుకో.

కస్తూర్బా విషయంలో నా మాట కొంచెం కఠినంగా అనిపించొచ్చు. అది అమ్మానాన్న లేని పిల్లలకి, బడి మానేసిన ఆడపిల్లలకి పెట్టింది, నీ బిడ్డకి ఇల్లుంది, నువ్వున్నావు, ఆ సీటు అవసరమున్న పిల్లకి పోనీ. ఇంకో కారణం కూడా ఉంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000, అంటే నాలుగేళ్లకి 48,000. ఏడులో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకి 50, ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటొద్దు. హాస్టల్‌తో నడిచే సర్కారు బడుల పిల్లలకి ఇది రాదు. మీ పాప సరిగ్గా ఎనిమిదిలోకే వస్తోంది కదా, చేరిన రోజే హెచ్ఎం గారికి ఈ పరీక్ష రాయిస్తామని చెప్పెయ్. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లకి కూడా హాస్టల్ లేని సర్కారు బడుల పిల్లలకే అదనపు వెయిటేజీ ఇస్తూ వచ్చారు.

మీడియం గురించి బెంగ వద్దు, 2022-23లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం తెచ్చారు, ఆ తర్వాత టెన్త్ దాకా వచ్చేసింది.

నా ఓటు మండల సెంటర్ పెద్ద బడికే, మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ సార్లు ఉంటే. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకి పల్లెవెలుగులో టికెట్ లేదు కాబట్టి చార్జీల బాధ లేదు, కానీ టెన్త్‌లో సాయంత్రం స్పెషల్ క్లాసులు ఉంటయి, అవి అయిపోయాక మీ ఊరికి బస్సు ఉందా అన్నది మాత్రం డ్రైవర్‌నే అడుగు, లేకపోతే ఆ బడి ఎంత బాగున్నా కష్టమే. మామూలు రోజు మధ్యాహ్న భోజనం టైముకి చెప్పకుండా పో. ఆడపిల్లల బాత్రూంలో నీళ్లొస్తున్నాయా, గడియ పడుతుందా చూడు, పాపని వెంట తీసుకుపోయి తననే చూడమను, నీకు చెప్పనివి పిల్లలు తనకి చెప్తారు.

ప్రశ్న: బాబు ఏడో తరగతి, ఊళ్లో సర్కారు బడిలో వేద్దామంటే ఇక్కడి ప్రైవేట్ స్కూల్‌వాళ్లు ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వట్లేదు. సంవత్సరం పోతుందా?
(ఒక నాన్న, ఉప్పల్)

జవాబు: పోదు తమ్ముడూ. విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లాడు సర్కారు బడికి మారతానంటే టీసీ వెంటనే ఇవ్వాలి, ఇవ్వడం లేటైందని కొత్త బడి అడ్మిషన్ ఆపడానికి వీల్లేదు. బాకీ సంగతి నువ్వూ స్కూల్‌వాళ్లూ తర్వాత తేల్చుకోండి, ముందు ఆధార్, ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని ఊరి బడి హెచ్ఎం దగ్గరికి పో, ఆయన వెనకాడితే మండల విద్యాధికారికి ఒక తెల్ల కాగితం మీద రాసివ్వు.