తాత పెట్టెలోని బొంగరం

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘తాత పెట్టె’ కథ రెండుసార్లు చదివాను. కందిలి గాజుకు అంటిన మసి, అంచు విరిగిన పలక, వాటి మీద నీ చూపు నిలిచిన తీరు నాకు నచ్చింది. కానీ బొంగరం చేతికి రాగానే ‘ఆ బంగారు రోజులు మళ్లీ రావు’ అని రాసి ముందుకు సాగిపోయావు. అక్కడ నా మనసు చివుక్కుమంది, ఎందుకంటే నీ కథంతా ఆ బొంగరంలోనే ఉంది.

దేవరకొండ దగ్గరి మా ఊళ్లో, నా చిన్నతనంలో, బొంగరాన్ని ఎవరూ కొనేవారు కాదు. నాగలి చెక్కగా మిగిలిన తుమ్మకట్టె ముక్క పట్టుకొని వడ్లాయన, అంటే వడ్రంగి, కొట్టం ముందు పొద్దంతా కూర్చునేవాళ్లం. ఆయన తన పని తీరాక బాడిసెతో చెక్కి ఆకారం తెచ్చి ఇస్తే, మొన దిగ్గొట్టించుకోవడానికి కమ్మరి కొలిమికి పరుగెత్తేవాళ్లం. మొన నడిమికి పడకపోతే బొంగరం ఎగిరెగిరి పడేది. మళ్లీ కొలిమి దగ్గరికే పోవాలి. చేతిలో పైసా పెట్టే పని లేదు, ఆ ఇద్దరికీ మా నాయన ఏడాది పనికి వాటాగా కళ్లంలో వడ్లు కొలిచి మేర ఇచ్చేవాడు. వానలు లేక మేర తగ్గిన ఏడు, అడగడానికి మాకే మొహం చెల్లేది కాదు. బొంగరం ఎలా తయారైందో ఓపికగా రాస్తే ఇదంతా దానంతట అదే వస్తుంది.

నీ కథ 1952లో జరుగుతుంది, పిల్లవాడు నయాపైసకు గోటీలు కొంటాడు. నయాపైస వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు అణాలు, దమ్మిడీలు. పైగా మన వైపు నిజాం నాటి హాలీ సిక్కా, భారత రూపాయి రెండూ చెలామణిలో ఉండి, ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలుగా లెక్క కట్టేవారు. అంగడివాడు ఏ నాణెం ఇచ్చాడోనని బోర్లించి చూసుకునే పిల్లవాణ్ణి చూపిస్తే, ఆ కాలం పాఠకుడి కళ్లముందు నిలుస్తుంది.

జొన్నదంటుతో చేసిన బండి గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. యాసంగి కోతల తరువాత దంటు మీది పెచ్చు పంటితో ఒలిచి, లోపలి బెండును ముక్కలుగా కోసి చక్రాలు చేసి, ఆ పెచ్చునే సన్నగా చీల్చి ఇరుసుగా గుచ్చేవాళ్లం. పెచ్చు అంచు వేలిని కోసేది. ఆ రక్తపు చుక్క లేకుండా ఆ బండి రాయకు.

ఇంకొక మాట, ఇది నా గుండెలో ఉన్నది. ఆటల మధ్య తాగిన బావినీళ్లను నువ్వు అమృతమన్నావు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉండేది. నాతో చదివిన ఒకడికి పదేళ్లు నిండేసరికి కాళ్లు వంకర తిరిగాయి. మేము గోటీలాడుతుంటే వాడు వేపచెట్టు కింద కూర్చొని లెక్క చెప్పేవాడు. నా మొదటి కథల్లో నేను కూడా ఆ నీళ్లను తియ్యగా రాసి వాణ్ణి వదిలేశాను. ఆ తప్పు నువ్వు చేయవద్దు.

మీ తాత ఇంకా నీ ఎదురుగా ఉన్నాడు. ఆ బొంగరాన్ని ఆయన చేతికిచ్చి, తాడు మొన వైపు నుంచి చుడతాడో తల వైపు నుంచి చుడతాడో, విసిరేముందు బొటనవేలు ఎక్కడ ఆనిస్తాడో చూడు. చూసిన తరువాత ఆ పేజీ తిరగరాసి నాకు పంపు.