గాలిలోని సీసాన్ని నాచు పట్టిస్తుందా?

ప్రశ్న: గోదావరి డెల్టాలో మాదొక నర్సరీల గ్రామం. ఊరి శివారున పాత బ్యాటరీల నుంచి సీసం కరిగించే బట్టీ ఉంది. అటునుంచి గాలి వీచిన రోజుల్లో మొక్కల ఆకులపై బూడిద రంగు పొర పేరుకుంటోంది. ఖరీదైన యంత్రాలు లేకుండా నాచు, కొబ్బరి పీచు వంటి వాటితో గాలిలోని సీసాన్ని కనిపెట్టవచ్చని విన్నాం. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనండీ. నాచుకు అసలైన వేర్లు లేవు, ఆకులపై మైనపు పొర కూడా లేనట్టే. అందువల్ల అది నీటినీ పోషకాలనూ ప్రధానంగా వాన నుంచి, గాలిలోని ధూళి నుంచి గ్రహిస్తుంది, వాటితో వచ్చిన సీసం, కాడ్మియం వంటి లోహాలు దాని కణకవచాలను అంటిపెట్టుకుని ఉండిపోతాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు రూలింగ్, టైలర్ 1960ల చివర్లో ఈ గుణాన్ని కొలతకు వాడుకున్నారు. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో 2013లో 346 చోట్ల చెట్ల నాచును సేకరించి పరీక్షించగా, కాడ్మియం అధికంగా ఉన్న చోటు ఒకటి రంగు గాజు కర్మాగారం పక్కన తేలింది. ఆ తరువాతే అక్కడ గాలిని కొలిచే యంత్రాలు పెట్టారు. యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో చూపడమే నాచు చేయగల అసలు మేలని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో బావి గట్ల మీద, కొబ్బరి మొదళ్ల మీద వానాకాలంలో పెరిగిన నాచు వేసవికి ఎండిపోతుంది కాబట్టి మీకు సంచి పద్ధతి అనువైనది. శుభ్రమైన చోట సేకరించిన నాచును డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆరబెట్టి, కొన్ని గ్రాముల చొప్పున నైలాన్ వల సంచుల్లో వదులుగా నింపండి. బట్టీ దగ్గర మొదలుపెట్టి దూరం పెంచుకుంటూ, అన్నిటినీ ఒకే ఎత్తులో, నాలుగైదు వారాలపాటు వేలాడదీయండి. కొన్ని సంచులను బయట పెట్టకుండా మూసి ఉంచాలి. వేలాడదీసిన సంచుల సీసం కొలత నుంచి వీటి కొలతను తీసివేస్తేనే గాలి నుంచి వచ్చినదెంతో తెలుస్తుంది. నైరుతి రుతుపవనాల గాలి, శీతకాలపు ఈశాన్యపు గాలి వేర్వేరు దిక్కులకు పొగను మోస్తాయి గనుక రెండు కాలాల్లోనూ చేయడం అవసరం. కొబ్బరి పీచు కూడా లోహాలను పట్టుకుంటుంది గాని, ఉప్పునీట నానిన పీచు పనికిరాదు.

ఇక్కడ మోసపోయే అవకాశాలూ ఉన్నాయి. తోటల్లో బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ల మందు) చల్లితే నాచులో రాగి పెరుగుతుంది, జింకు పూత రేకుల కప్పు కింద జింకు పెరుగుతుంది. ఆ రెండిటినీ బట్టీకి అంటగట్టడం అన్యాయం. ఒండ్రు మట్టి దుమ్ములోనూ సహజంగా లోహాలుంటాయి కాబట్టి, ప్రయోగశాలలో సీసంతోపాటు, ఎక్కువగా మట్టి నుంచే వచ్చే అల్యూమినియాన్నీ కొలిపించి, వాటి నిష్పత్తిని స్థానిక మట్టిలోని నిష్పత్తితో పోల్చమని అడగండి.

ఫలితం కిలో పొడి నాచుకు ఇన్ని మిల్లీగ్రాములని వస్తుంది. మన దేశపు గాలి ప్రమాణంలో సీసానికి ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 0.5 మైక్రోగ్రాములు, ఈ రెండు అంకెలనూ నేరుగా పోల్చడానికి వీల్లేదు. అయితే బట్టీకి దగ్గరయ్యేకొద్దీ సీసం పెరుగుతున్నట్టు చూపే పటం ఉంటే, అక్కడ గాలిని కొలవాలని కాలుష్య నియంత్రణ మండలిని గట్టిగా అడగవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం నాచు ఫలితం కోసం ఆగకుండా, వారి రక్తంలో సీసం పరీక్షను ఇప్పుడే చేయించండి.