పాస్‌వర్డ్ మార్చినా వైఫైలోకి ఎవరో వస్తున్నారు!

ప్రశ్న: వైఫై పాస్‌వర్డ్ మార్చినా రూటర్ పేజీలో తెలియని ఫోన్ మళ్లీ కనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలండీ?

జవాబు: ముందు ఇంట్లో ఫోన్లకు ఒక్కొక్కదానికీ వైఫై ఆపి, ఆ తెలియని ఫోన్ పేజీలోంచి పోతుందేమో చూడండి, ఇప్పటి ఫోన్లు మ్యాక్ అడ్రస్ (రూటర్ ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్) మార్చుకుంటాయి కాబట్టి అది మీదే కావచ్చు.

మీది కాకపోతే రూటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సౌకర్యం) వెంటనే ఆపేయండి. అసలు చిక్కు అక్కడే ఉండొచ్చు: ఆ పిన్‌కి 8 అంకెలున్నా రూటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటిని బట్టి వచ్చేదే, అందుకని 11,000 ప్రయత్నాల్లోపే పిన్ దొరికిపోతుంది, దాంతో మీ కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతికొస్తుంది.

రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, అదీ మార్చండి. లేకపోతే లోపలికొచ్చినవాళ్లు డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని చిరునామా చెప్పే వ్యవస్థ) సెట్టింగ్ మార్చి మిమ్మల్ని నకిలీ సైట్లకు పంపగలరు. ఫర్మ్‌వేర్ (రూటర్‌లోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి ఇంటర్నెట్ ద్వారా రూటర్ సెట్టింగులు మార్చే సౌకర్యం) ఆపి, వైఫై భద్రతా పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టి, చివర్లో వైఫై పాస్‌వర్డ్ మళ్లీ మార్చండి.