టెక్సాస్‌లో చేపల వేట రూల్స్ మారబోతున్నాయని నోటీసు వస్తే ఏం చేయాలి?

ప్రశ్న: డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది. శని, ఆదివారాల్లో దగ్గర్లోని పార్కు చెరువులో గాలం వేస్తున్నాం. "రాష్ట్రవ్యాప్త వినోద, వాణిజ్య చేపల వేట నిబంధనల్లో ప్రతిపాదిత మార్పులు" అని నోటీసు కనిపించింది. ఇది మాలాంటి వాళ్లకు వర్తిస్తుందా? మేం హెచ్1బి మీద ఉన్నాం, మేమూ అభిప్రాయం చెప్పొచ్చా?

జవాబు: వర్తిస్తుందండీ. అభిప్రాయం కూడా చెప్పొచ్చు, దానికి పౌరసత్వం అక్కర్లేదు.

టెక్సాస్‌లో సరదాకి గాలం వేసేవాళ్లకూ, పడవలతో వ్యాపారం చేసేవాళ్లకూ నిబంధనలు ఒకే ప్రకటనలో ఉంటాయి. దాన్ని ప్రోక్లమేషన్ అంటారు. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ తయారుచేస్తుంది, గవర్నర్ నియమించిన తొమ్మిది మంది సభ్యుల కమిషన్ ఆమోదిస్తుంది. మామూలుగా నవంబరులో శాఖ జీవశాస్త్రజ్ఞులు తమ ఆలోచనలు కమిషన్ ముందు పెడతారు. జనవరిలో ముసాయిదా ప్రచురించడానికి అనుమతి తీసుకుంటారు. అది రాష్ట్ర ప్రభుత్వ గెజిట్ లాంటి టెక్సాస్ రిజిస్టర్‌లో అచ్చయ్యాక ప్రజలకు కనీసం 30 రోజుల గడువు ఉంటుంది. మార్చిలో ఓటింగ్. ఆమోదం పొందినవి ఎక్కువగా సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వస్తాయి, ఎందుకంటే లైసెన్సు సంవత్సరం కూడా సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది.

"ఎక్కువగా" అన్నాను, "ఎప్పుడూ" అనలేదు. అసలు చిక్కంతా అక్కడే. స్పాటెడ్ సీట్రౌట్ అనే సముద్రపు చేప సంగతే చూడండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో తీరం వెంబడి కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని శాఖ అంచనా. వెంటనే అత్యవసర నిబంధన పెట్టి, ఏప్రిల్ నుంచి దక్షిణ తీరంలోని లగూనా మాద్రే అనే ఉప్పునీటి కాయల్లో రోజుకు 3 చేపలు, 17 నుంచి 23 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలన్నారు. తర్వాత పెట్టిన తాత్కాలిక నిబంధన 2023 ఆగస్టు 31తో ముగిసి, మళ్లీ 5 చేపలు, 15–25 అంగుళాలు అయింది. ఏడాది కూడా తిరక్కుండానే, 2024 మార్చి 26 నుంచి తీరమంతటా 3 చేపలు, 15–20 అంగుళాలు అన్నారు. అంటే లైసెన్సు సంవత్సరం మధ్యలో మారిపోయింది. 2023 సెప్టెంబరులో ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన పట్టిక చూసి 2024 ఏప్రిల్‌లో 23 అంగుళాల చేప పెట్టెలో వేసుకున్నవాళ్లు తెలియకుండానే తప్పు చేసినట్టే. "నాకు తెలియదు" అంటే ఈ నిబంధనలు అమలుచేసే అధికారి, గేమ్ వార్డెన్ దగ్గర చెల్లదు.

కాబట్టి ముసాయిదాను ముసాయిదాగానే చూడండి. మార్చిలో ఓటు పడేదాకా అది చట్టం కాదు, పాత రూలే నడుస్తుంది. ఓటు పడ్డాక మాత్రం అమలు తేదీ ఏదో విడిగా చూసుకోండి.

ముసాయిదా చదవడం కష్టమేమీ కాదు, గుర్తులు తెలిస్తే చాలు. కొత్తగా చేర్చే మాటల కింద గీత ఉంటుంది. తీసేసే మాటల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి, మీద గీత కొడతారు. ‘5’ బ్రాకెట్లో గీత కొట్టి, పక్కనే ‘3’ కింద గీత ఉంటే, అయిదు మూడవుతోందన్నమాట. పైన ఉండే ఉపోద్ఘాతం చాలామంది వదిలేస్తారు. అది తప్పు. మార్పు ఎందుకు, ఏ జలాశయానికి, ఎవరికి ఖర్చు పడుతుంది అన్నది రాసేది అక్కడే. నిబంధనలన్నీ టెక్సాస్ పాలనా నియమావళి 31వ శీర్షిక, 57వ అధ్యాయంలో ఉంటాయి. వెతకడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఇక స్లాట్, అంటే రెండు పొడవుల మధ్య హద్దు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఈ మాట దగ్గరే, ఎందుకంటే ఇదే మాట రెండు వ్యతిరేక అర్థాల్లో నడుస్తుంది. సముద్రంలో రెడ్ డ్రమ్‌కి స్లాట్ 20–28 అంగుళాలంటే, ఆ మధ్యలోవి ఉంచుకోవచ్చు, రోజుకు మూడు. డల్లాస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో లార్జ్‌మౌత్ బాస్‌కి స్లాట్ 16–24 అంగుళాలంటే, ఆ మధ్యలోవి వదిలేయాలి. 16 లేదా అంతకంటే చిన్నవి ఉంచుకోవచ్చు, 24 లేదా అంతకంటే పెద్దది రోజుకు ఒక్కటే. మొదటిది కోత స్లాట్, రెండోది రక్షణ స్లాట్ అని గుర్తుపెట్టుకోండి. రాష్ట్రమంతటికీ బాస్ కనీస పొడవు 14 అంగుళాలు, రోజుకు 5. కానీ ఒక్కో చెరువుకూ మినహాయింపులుంటాయి. ప్రతిపాదిత మార్పుల్లో సగం తరచూ ఇలా ఏదో ఒక చెరువు పేరుతోనే వస్తాయి. మీరు వెళ్లే చెరువు పేరు ఉందో లేదో ముందు అది వెతకండి.

కొలత కూడా ఉజ్జాయింపుగా వేస్తే కుదరదు. చేపను చదునుగా పక్కకి పడుకోబెట్టి, నోరు మూసి, ముక్కు కొసను బల్ల అంచుకు ఆనించాలి. తోక రెండు రెక్కలనూ దగ్గరికి నొక్కి లేదా తిప్పి, ఎక్కువలో ఎక్కువ ఎంత పొడవొస్తుందో అదే లెక్క. తోక విప్పార్చి ఉంచి కొలిస్తే అర అంగుళం తక్కువ చూపిస్తుంది. 20 అంగుళాల గరిష్ఠ పరిమితి ఉన్నచోట ఆ అర అంగుళమే జరిమానా. టేపును చేప ఒంటి వంపు మీదుగా లాగితే పొడవు ఎక్కువొస్తుంది, కనీస పరిమితి దగ్గర అదీ అంతే ప్రమాదం. చదునైన కొలత పలక ఒకటి కొనుక్కోండి.

మనవాళ్లకి చేప పట్టగానే అక్కడే తల కొట్టి, ముక్కలు చేసి తెచ్చుకోవడం అలవాటు. పొడవు పరిమితి ఉన్న చేపకి ఆ పని పడవలో గానీ, నీళ్ల దగ్గర గానీ చేయొద్దు. తల, తోక లేకపోతే కొలవడానికి ఏమీ మిగలదు, అదే నేరం. పొలుసు గీయడం, ముక్కలు చేయడం ఇంటికి తెచ్చాక పెట్టుకోండి. నలుగురు వెళ్లి ఒకే పెట్టెలో వేసుకోవడం కూడా మంచిది కాదు. పరిమితి మనిషికి లెక్క. ఎవరి చేపలు వాళ్ల దగ్గరే ఉండాలి. మీ చేపలు మిత్రుడికి ఇచ్చి పంపితే, మీ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, ఏ చేపలు ఎన్ని, ఏ తేదీన ఎక్కడ పట్టారు అన్నది రాసి సంతకం చేసిన కాగితం వాటితో పాటు వెళ్లాలి. దీనికి ఒక ఫారం కూడా ఉంది, సాదా కాగితమైనా చాలు.

మీ పార్కు చెరువు సంగతికొస్తే, నగర పరిధిలో లేదా పబ్లిక్ పార్కులో పూర్తిగా ఉండి, 75 ఎకరాలకు మించనివి ‘కమ్యూనిటీ ఫిషింగ్ లేక్’ కిందకి వస్తాయి. అక్కడ గాలం తప్ప ఇంకేదీ వాడకూడదు, విసురు వల అసలే కుదరదు. మనిషికి రెండు గాలపు కర్రలే. చానెల్, బ్లూ క్యాట్‌ఫిష్ కలిపి రోజుకు 5, కనీస పొడవు లేదు. అదే చేప పెద్ద రిజర్వాయర్లలో అయితే మామూలుగా రోజుకు 25, వాటిలో 20 అంగుళాలు లేదా అంతకు మించినవి పదే. 2021కి ముందు 12 అంగుళాల కనీస పొడవుండేది. పాతవాళ్లు ఇంకా అదే చెబుతుంటారు.

లైసెన్సు విషయం క్లుప్తంగా. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలు దాటి ఉంటేనే రెసిడెంట్ లెక్క. మీరు ఇంకా నాలుగు నెలలే కాబట్టి ప్రస్తుతానికి నాన్‌రెసిడెంట్లు. రెసిడెంట్‌కి మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, ఉప్పునీటిది 35, రెండూ కలిపి 40. నాన్‌రెసిడెంట్‌కి 58, 63, 68. 17 ఏళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కాసేపు గాలం పట్టుకున్నా వాళ్లకీ లైసెన్సు కావాలి. ఒక్కరోజు నాన్‌రెసిడెంట్ లైసెన్సు 16 డాలర్లు. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి వేస్తే లైసెన్సు అవసరం లేదు, పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి అదే హాయి. చేపల సంఖ్య, పొడవు పరిమితులు అక్కడా అవే. లైసెన్సు లేకుండా పట్టుబడితే జరిమానా 25 నుంచి 500 డాలర్లు. టికెట్ వస్తే ఆ కాగితాలు, కట్టిన రసీదు జాగ్రత్త చేయండి. రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ ప్రశ్న వస్తుంది.

సముద్ర తీరాన గాల్వెస్టన్ వైపు వెళ్లి వేటాడేవాళ్లు ఇంకొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. బ్లూ క్రాబ్ వెడల్పు రెండు పక్కల ముళ్ల కొసల మధ్య 5 అంగుళాలుండాలి. పొట్ట కింద నారింజ, గోధుమ రంగు గుడ్ల ముద్ద అంటుకుని ఉన్న ఆడ పీతను తప్పనిసరిగా వదిలేయాలి. గుడ్ల పీత అంటే మనకి ఎంత ఇష్టమో తెలుసు, అయినా వదిలేయాలి. ఫిబ్రవరిలో మూడో శుక్రవారం నుంచి పది రోజులు పీత బుట్టలన్నీ నీళ్లలోంచి తీసేయాలి. వదిలేసిన బుట్టలు ఏళ్ల తరబడి చేపల్ని, పీతల్ని చంపుతూనే ఉంటాయి, వాటిని ఏరేయడానికే ఈ ఏర్పాటు. ఫ్లౌండర్ అనే చేపకి నవంబరు 1 నుంచి డిసెంబరు 14 దాకా పూర్తి నిషేధం. చలిగాలులు మొదలవగానే అవి గుడ్లు పెట్టడానికి అఖాతాల్లోంచి ఇరుకు దారుల గుండా సముద్రంలోకి గుంపులుగా వెళతాయి, అక్కడ కాపు కాసి పడితే జాతికి జాతే తుడిచిపెట్టుకుపోతుంది.

అమ్మకం మాట అసలు తలపెట్టొద్దు. సరదా లైసెన్సుతో పట్టినది పొరుగింటివాళ్లకైనా డబ్బుకి ఇవ్వకూడదు. "పెట్రోలు ఖర్చులకే" అని గ్రూపులో ధర పెట్టినా అది అమ్మకమే. పైగా రెడ్ డ్రమ్, స్పాటెడ్ సీట్రౌట్‌లని టెక్సాస్ నీళ్లలో పట్టి అమ్మడాన్ని 1981లోనే చట్టం నిషేధించింది, వాణిజ్య లైసెన్సు ఉన్నవాళ్లకి కూడా. షాపుల్లో కనిపించే రెడ్ డ్రమ్ పెంపకం చేప. వీసా మీద ఉన్నవాళ్లకి అమ్మకంతో అనుమతి లేని సంపాదన అనే ఇంకో తలనొప్పి కూడా తోడవుతుంది.

కొర్రమీను గురించి అందరూ అడుగుతారు. దాని జాతి మొత్తాన్ని ఇక్కడ స్నేక్‌హెడ్ అంటారు. టెక్సాస్‌లో నిషిద్ధ జాతి. బతికున్నదాన్ని దేశంలోకి దిగుమతి చేసుకోవడం 2002 నుంచి ఫెడరల్ నేరం. మేరీల్యాండ్‌లో అయితే ఎన్నైనా పట్టుకోమంటారు, కానీ ఉంచుకుంటే వెంటనే చంపేయాలి. ఒకే చేపకి రెండు రాష్ట్రాల్లో ఇంత తేడా ఉందంటే, అక్కడి బంధువు చెప్పిన రూలు ఇక్కడ ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. తిలాపియాను టెక్సాస్‌లో ఉంచుకోవచ్చు, కానీ పట్టిన వెంటనే పొట్ట చీల్చడమో తల తీయడమో చేయాలి. బకెట్లో నీళ్లు పోసి బతికించి తేకూడదు.

అభిప్రాయం రాయాలనుకుంటే, శాఖ వెబ్‌సైటులో ఒక్కో ప్రతిపాదనకీ ఫారం ఉంటుంది. పూర్తిగా ఒప్పుకుంటున్నాను, పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను, ఫలానా అంశంతో విభేదిస్తున్నాను అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. మూడోది ఎంచుకుని నాలుగు వాక్యాలు రాస్తే ఎక్కువ విలువ. "మాకు చేపలు దొరకవు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ చెరువు, ఏ నెలల్లో వెళతారు, ఎంత పొడవువి ఎన్ని పడుతున్నాయి, ఒడ్డు నుంచా పడవ నుంచా అన్నది రాయండి. జీవశాస్త్రజ్ఞుల లెక్కల్లో ఎక్కువగా పడవ వేటగాళ్ల మాటే వినిపిస్తుంది. ఒడ్డున నిలబడి కూర కోసం పట్టే కుటుంబాల మాట అక్కడికి చేరాలంటే మనమే రాయాలి. ఆస్టిన్‌లో కమిషన్ సమావేశానికి ముందురోజు సాయంత్రానికి ఆన్‌లైన్ గడువు మామూలుగా ముగుస్తుంది, చివరి రోజుదాకా ఆగొద్దు.

కొత్త సంవత్సరం లైసెన్సులు ఆగస్టు 15న అమ్మకానికి వస్తాయి. మీరు మే, జూన్‌లో ఆరు నెలలు పూర్తి చేసుకునేట్టయితే, ఆగస్టు 31తో అయిపోయే మామూలు ప్యాకేజీ బదులు, కొన్న రోజు నుంచి ఏడాది నడిచే 47 డాలర్ల రెసిడెంట్ ప్యాకేజీ తీసుకోండి. శాఖ నిబంధనలుండే ఔట్‌డోర్ ఆన్యువల్ యాప్ ఫోనులో వేసుకుని, సెప్టెంబరు 1 తర్వాత ఒకసారి ఇంట్లో వైఫై ఉండగా తెరిచి అప్‌డేట్ చేయండి. చెరువు దగ్గర సిగ్నల్ లేకపోయినా ఆ చెరువు పేరు కొడితే పరిమితులు కనిపిస్తాయి.